గుప్పిట మూయని దేవుడు

ఒంగోలు నుంచి విజయవాడ వైపు జాతీయ రహదారి పట్టుకుంటే కాసేపట్లోనే గుండ్లకమ్మ వంతెన వస్తుంది. నల్లమలలో పుట్టి, ఎండాకాలం వస్తే ఇసుకలో పాయ ఎక్కడుందో వెతుక్కోవలసిన ఏరు ఇది. బస్సులో కునుకు తీసేవాళ్లకు వంతెన దాటిన సంగతే తెలియదు. ఈ ఏటి ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు వంతులు వేసుకుని, ఒక్కోసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పని చేశారు. వచ్చినవాళ్లలో అత్యధికులు మాదిగలు. అప్పటికి రెండేళ్లుగా ధాత కరువు వాళ్లను నమిలేసింది. క్రైస్తవ రచయితలు ఆ రోజును పెంతెకొస్తు దినంతో పోల్చి సంబరపడ్డారు. గిట్టనివాళ్లు కూటికోసం మతం మారారని తీర్పు చెప్పి ఊరుకున్నారు. రెండు పక్షాలూ ఆ రోజుకు ముందు గడిచిన పదిహేను నెలలను పట్టించుకోలేదు. ఈ ప్రయాణంలో తేల్చుకోవలసిన ప్రశ్నకు జవాబు ఆ నెలల్లోనే ఉంది.

దేవుడు ఉదారుడు, ఆయన స్వభావం మారదు: ఈ రెండు మాటలూ క్రైస్తవ ప్రార్థనల్లో జంటగా వినిపిస్తాయి. అనడం తేలికే. నమ్మి నిలబడటమే కష్టం. నిజమో కాదో చూద్దామంటే మనకు చప్పున తోచే కొలతలు వాన, పంట, ఒంట్లో ఆరోగ్యం, ఇంట్లోకి వచ్చే జీతం. ఆ కొలతలతో చూస్తే ఒంగోలు నుంచి డోర్నకల్ మీదుగా మెదక్ దాకా సాగే ఈ దారిలో ఆ నమ్మకం అడుగడుగునా ఓడిపోవాలి. మూడు చోట్లా సంఘం పెరిగిన కాలాలు కరువు కాలాలు, కటిక పేదరికపు కాలాలు. అయినా ఆ నమ్మకం అక్కడే వేళ్లూనుకుంది. దీన్ని వింత అని వదిలేయడం కంటే కారణం వెతకడం మేలు. నాకు తోచిన కారణం ఇది. దేవుడి ఔదార్యం మీద నమ్మకం ఫలానా ఫలితం వచ్చి తీరుతుందన్న హామీ మీద ఆధారపడలేదు, ఇచ్చేవాడి స్వభావం మీద ఆధారపడింది. అలా నమ్మినవాళ్లు తాము ఇచ్చేదానికి బదులు అడగడం మానేశారు. బదులు అడగని ఆ చేతులే ఆ నమ్మకానికి బయటివాళ్లు కూడా పరిశీలించగల సాక్ష్యం.

ఒంగోలులో ఒక కొండను క్రైస్తవులు ప్రార్థన కొండ అంటారు. 1836లో తెలుగు నేల మీద పని మొదలుపెట్టిన అమెరికన్ బాప్టిస్టులు, పదిహేడేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదని, 1853లో ఆ పని మూసేయాలా వద్దా అని తర్జనభర్జన పడ్డారు. మరుసటి ఏడాది మొదటి రోజు తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వెంట వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఈ కొండెక్కి ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వేడుకున్నారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866లో వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ అంతకుముందు అమెరికాలో భూములు కొలిచే పని చేసినవాడు. దొర పేరు పుస్తకాలకెక్కింది గానీ, పల్లెపల్లెకూ మాట మోసింది తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు. కరువు రాకముందే చుట్టుపక్కల పల్లెల్లో విశ్వాసుల లెక్క వేలల్లోకి చేరింది. ఈ వరస గుర్తుంచుకోవాలి. సంఘాన్ని కరువు పుట్టించలేదు. కరువు వచ్చేసరికే సంఘం ఉంది.

1876లో రెండు ఋతుపవనాలూ మొహం చాటేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో జనం లక్షల్లో చచ్చిపోయారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది గానీ, 1877లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలీ దినవెచ్చాన్ని ఒక పౌను ధాన్యానికీ ఒక అణాకూ కోసేశాడు. పౌను అంటే అరకిలో కూడా రాదు. మట్టి మోసే మనిషి ప్రాణం నిలవడానికి అది చాలదని అప్పటి వైద్యాధికారులే మొత్తుకున్నారు. పైగా అంటరానివాళ్లంటే మేస్త్రీలకు చులకన. తిట్టినా, కొట్టినా, కూలిలో కోత పెట్టినా అడిగే దిక్కు లేదు. అప్పుడు క్లౌ తన పాత సర్వే చదువును బయటికి తీసి, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పుచ్చుకున్నాడు. జట్ల మీద తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పని అడిగి వచ్చినవాడిది ఏ మతమని చూడలేదు. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్లే దారిలో ఆ కాలువ ఇప్పటికీ అడ్డం వస్తుంది. గట్ల మీద సర్కారు తుమ్మ దట్టంగా పెరిగింది, అడుగున పూడిక, పైన ఆకుపచ్చ రంగు తిరిగిన ఉప్పునీరు. అది పడవల కోసం తవ్విన కాలువ. దాని నీటితో ఒక్క ఎకరం కూడా పండదు. కరువులో తవ్విన కాలువ కరువును ఆపగలిగింది కాదు. అక్కడ తట్టలు మోసినవాళ్లకు దక్కింది ఆ పూట కూలి, తిట్టని మేస్త్రీ.

ఆ పనులు సాగినంత కాలం జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. క్లౌ పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి ఇచ్చే చేయీ బాప్తిస్మం ఇచ్చే చేయీ ఒకటైతే, వచ్చేవాడు దేని కోసం వచ్చాడో వాడికే తెలియకుండా పోతుందని ఆయన భయం. మతం మార్చడమే పరమార్థంగా దేశం దాటి వచ్చిన మనిషి, జనం తమంతట తాము వస్తుంటే తలుపు మూసి పెట్టాడు. కూలి పని తలుపు మాత్రం తెరిచే ఉంచాడు. ఈ రెండింటినీ కలిపి చూడాలి. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ద్రాక్షతోట కథ వినని తెలుగు క్రైస్తవుడు ఉండడు. పొద్దున్నే వచ్చినవాడికీ, పొద్దు గుంకే ముందు గంటసేపు పని చేసినవాడికీ యజమాని ఒకే కూలి ఇస్తాడు. ఆ కూలికి లెక్క గంటలు కావు, ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించడానికి ఒక మనిషికి ఎంత కావాలో అంత. టెంపుల్ కూలి లెక్క, మనిషి చావకుండా ఎంత తక్కువ ఇవ్వవచ్చు అన్న ప్రశ్న నుంచి పుట్టింది. ద్రాక్షతోట కూలి లెక్క, ఈ మనిషి బతకడానికి ఎంత కావాలి అన్న ప్రశ్న నుంచి పుట్టింది. దేవుడు ఉదారుడని క్రైస్తవులు అనేటప్పుడు చెప్పేది ఈ రెండో లెక్క. అది పుచ్చుకునేవాడి యోగ్యత మీద ఆధారపడదు కనుకనే ఇవాళ ఒకటి, రేపు ఒకటిగా మారే అవసరం కూడా దానికి లేదు.

అయినా ఆక్షేపణ తేలిగ్గా పోదు. పదిహేను నెలలు ఆపితే మాత్రం ఏమిటి, తిండి పెట్టినవాడి దేవుడి మీద కృతజ్ఞత కలగదా, అది కూడా ఒక రకం కొనుగోలు కాదా అని అడగవచ్చు. కృతజ్ఞత కలిగే ఉంటుంది. కాదనడం అబద్ధం. ఆకలినీ విశ్వాసాన్నీ ఒక మనిషి గుండెలో కత్తిపెట్టి వేరు చేయగల పరికరం ఎవరి దగ్గరా లేదు. అయితే కొనుగోలుకు ఒక గుర్తు ఉంటుంది: సరుకు ఆగిపోతే కొనేవాడు వెళ్లిపోతాడు. 1878 జూన్ నాటికి కాలువ పని ముగిసింది. ఇక కూలి లేదు, డబ్బు లేదు అన్న తర్వాతే వెల్లంపల్లికి జనం కదిలారు. ఆ తర్వాతి లెక్క కూడా చూడాలి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే పరిమితం. తర్వాత 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ అందులో చేర్చారు, క్రైస్తవులను మాత్రం ఇప్పటికీ చేర్చలేదు. అంటే రిజర్వేషను మీద ఆశ ఉన్న దళిత కుటుంబానికి చర్చి రిజిస్టరులో పేరు నష్టం తెచ్చిపెట్టే పేరు. ప్రకాశం జిల్లా పల్లెల్లో కాగితం మీద ఒక మతం, ఆదివారం ఒక మతం అన్న చిక్కు అందరికీ తెలిసిందే. లాభం కోసం వచ్చినవాళ్లయితే, లాభం ఎదురు తిరిగిన ఇన్ని దశాబ్దాల తర్వాత ఆ గుడుల్లో ఆదివారం పాట వినిపించకూడదు.

ఒంగోలులో ఉత్తరానికి వెళ్లే రైలెక్కితే చీరాల, బాపట్ల, తెనాలి దాటి కృష్ణ వంతెన వస్తుంది. ఎడమ పక్క కిటికీలోంచి ప్రకాశం బ్యారేజీ కనిపిస్తుంది. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ గురించి ఆలోచించడానికి అదే తగిన చోటు. దేవుడు ఉదారుడైతే ధాత కరువు ఎందుకొచ్చింది? దీనికి నోరు మూయించే జవాబు ఎవరి దగ్గరా లేదు, బైబిలు కూడా ఇవ్వలేదు. హబక్కూకు ప్రవక్త తన గ్రంథం చివరి అధ్యాయంలో అంజూరపు చెట్లు పూయని, దొడ్లో పశువులు లేని కరువును ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అయినా దేవుడిలో సంతోషిస్తానంటాడు. ఎందుకొచ్చిందో మాత్రం చెప్పడు. కానీ ఆక్షేపణలో ఒక సగాన్ని ఈ నది వెనక్కి తిప్పి మనల్నే అడుగుతుంది. 1832-33లో డొక్కల కరువు గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసింది. అప్పుడు కూడా కృష్ణ పారుతూనే ఉంది, నీళ్లు సముద్రం పాలయ్యాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. ఇరవై ఏళ్ల తర్వాత ధాత కరువులో మిగతా ప్రెసిడెన్సీ అల్లాడుతుంటే ఈ రెండు డెల్టాలూ తాము తిని ఇతరులకు ధాన్యం పంపగలిగాయి. ఇటు కరువు ప్రాంతాల్లో ధాన్యం ధరలు కూలివాడికి అందనంత ఎత్తుకు పోయాయి, అందుబాటులో ఉన్న గింజలు డబ్బున్న చోటికి తరలిపోయాయి. వాన లేకపోవడం ఎవరి చేతిలోనూ లేదు. కరువు చావులు మాత్రం చాలామంది చేతుల మీదుగా జరిగాయి.

దీనితో ఆక్షేపణ తీరిపోయిందని నేననను. ఆనకట్ట లేని చోట పుట్టిన పసివాడు ఏ పాపం చేశాడన్న ప్రశ్న అలాగే ఉంటుంది. తేలేది ఒకటి మాత్రమే: ఇచ్చినది అందలేదన్న ఫిర్యాదూ, ఇచ్చేవాడు పిసినారి అన్న ఫిర్యాదూ వేర్వేరు. క్రైస్తవ విశ్వాసం ఈ తేడా మీద నిలబడింది. దేవుడు మంచివాళ్ల చేను మీదా చెడ్డవాళ్ల చేను మీదా ఒకేలా వాన కురిపిస్తాడని యేసు కొండమీద చెప్పాడు. మీరు కూడా అలాగే పక్షపాతం లేకుండా ఉండండి అని చెప్పడానికి ఆ మాట తెచ్చాడు. వాన వచ్చి తీరుతుందని పంచాంగం చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. ఆ మాటను హామీపత్రంగా చదివినవాడు మొదటి కరువుకే దేవుణ్ణి వదిలేస్తాడు. తన నడతకు కొలతగా చదివినవాడు కరువులో ఏం చేయాలో తెలుసుకుంటాడు.

మారని స్వభావం అన్న రెండో మాటకు కూడా ఒక చిక్కు ఉంది. దేవుడు మారనివాడైతే ప్రార్థన దేనికి? జ్యూయెట్ కొండెక్కకపోయినా రావలసినవాడు వచ్చేవాడే కదా? పైగా నీనెవె పట్టణం విషయంలో దేవుడు అనుకున్న శిక్షను మానుకున్నాడని యోనా గ్రంథమే చెబుతోంది. మారడం కాక అది ఇంకేమిటి? ఈ చిక్కు విప్పడానికి, నీనెవెను హెచ్చరించమని దేవుడు పంపిన యోనా అలకే చాలు. దేవుడు శిక్ష మానుకోగానే యోనాకు ఒళ్లు మండిపోతుంది. నువ్విలాంటివాడివని, నీ కోపం నిలవదని, క్షమించేస్తావని నాకు ముందే తెలుసు, అందుకే కదా పారిపోయాను అని దేవుడితో పోట్లాడతాడు. దేవుడు మారాడని అతని ఫిర్యాదు కాదు. ఎప్పటిలాగే ఉన్నాడనే ఫిర్యాదు. మారింది నీనెవె. స్వభావం మారనివాడు మారిన మనిషితో వేరుగా నడుచుకుంటాడు. కోపిష్టి తండ్రి ఇంట్లో పిల్లలు ఏదీ అడగరు, నాన్న ఇవాళ ఎలా ఉన్నాడో చూసి గోడవారగా తప్పుకుంటారు. అడిగితే వింటాడని తెలిసిన ఇంట్లోనే అడగడం ఉంటుంది. కాబట్టి మారకపోవడం ప్రార్థనను వృథా చేయదు. ప్రార్థించే ధైర్యం వచ్చేదే దాని నుంచి.

విజయవాడ దాటి ఖమ్మం మీదుగా వెళ్లే రైళ్లు డోర్నకల్ జంక్షన్లో కొత్తగూడెం లైనును కలుపుకుంటాయి. ఇంజను మార్పుకో, క్రాసింగుకో ఆగే స్టేషనుగానే చాలామందికి ఈ పేరు తెలుసు. ఊళ్లో ఉన్న ఎపిఫనీ కేథడ్రల్ మాత్రం దక్షిణాదిలో మరెక్కడా కనిపించని కట్టడం. మసీదును తలపించే గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలా వరసగా రాతి స్తంభాలు, వాటి మీద తామర, అరటి రూపాల చెక్కడం, మధ్యలో శిలువ. కట్టించినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య, తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. నిజాం రాజ్యంలోని ఈ మూలకు వచ్చి, తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల మధ్య కాపురం పెట్టాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. కేథడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. అప్పటికి డయోసిస్‌లో విశ్వాసులు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది సొంత సెంటు భూమి లేని వెట్టివాళ్లు, పాలేర్లు.

అలాంటివాళ్ల దగ్గర అజరయ్య కానుకలు అడిగాడు. బిషప్పుల్లో చాలామంది అడగడానికి మొహమాటపడే చోట ఆయన ఏకంగా ‘క్రిస్టియన్ గివింగ్’ అని పుస్తకమే రాశాడు. సంఘానికి డబ్బు అవసరం కనుక ఇవ్వాలన్న వాదన మీద ఆయన ఆధారపడలేదు. దేవుడు ముందే ఇచ్చాడు, ఇవ్వడం ఆయన స్వభావం, ఆయన పిల్లలం అంటున్నాం కనుక ఆ స్వభావం మనలో కనిపించాలి అన్నది ఆయన పట్టుబట్టిన క్రమం. ఈ క్రమం తెలుగు పల్లె సంఘాల్లో రెండు పద్ధతుల్లో నిలిచింది. ఒకటి పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలిచిన ఇల్లాలు ఎసట్లో పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేస్తుంది, ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. రెండోది కోత పండుగ. మొదటి పంట, మొదటి ఈత పిల్ల, గుమ్మడికాయ, సొరకాయ, కాళ్లు కట్టేసిన కోడిపుంజు బలిపీఠం ముందు చేరతాయి. ఆరాధన అయ్యాక వేలం. యాభై రూపాయల సొరకాయ వందలు దాటి పోతుంది, కొన్నవాడు దాన్ని మళ్లీ తెచ్చి కానుకగా పెడతాడు, మళ్లీ వేలం. బయటివాడికి ఇది తమాషాగా ఉంటుంది. తరతరాలుగా దొర గడపలో చేయి చాపడమే తెలిసిన మనిషి అందరి ముందు నిలబడి నేనిస్తున్నాను అనగలగడం తమాషా కాదు.

పేదవాడి నోటి దగ్గర గుప్పెడు బియ్యం లాక్కోవడం ఔదార్యమా అని ఎవరైనా గట్టిగా అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇవాళ టీవీల్లో, పెద్ద పెద్ద సభల్లో వినిపించే ఒక బోధను చూస్తే ఆ కోపం ఇంకా న్యాయంగా తోస్తుంది. వెయ్యి విత్తితే లక్ష కోస్తావు, దేవుడు మాట తప్పడు, ఈ అకౌంటులో వెయ్యి అంటారు. దేవుడి మారని స్వభావాన్ని వడ్డీ రేటుగా మార్చేసిన బోధ ఇది. పంట రాకపోతే నీ విశ్వాసం తక్కువైందంటారు, నష్టం ఎప్పుడూ ఇచ్చినవాడిదే. పిడికెడు బియ్యం దీనికి తోబుట్టువులా కనిపిస్తుంది గానీ వరస పూర్తిగా తిరగబడి ఉంది. అక్కడ రాబడి కోసం ఇవ్వడం. ఇక్కడ అందింది కనుక ఇవ్వడం. పిడికిలి కొలత కూడా చూడండి. అది ఇచ్చేవాడి చేతికి సరిపడా కొలత, ఎవరికీ అప్పు మిగల్చని కొలత. పొయ్యి మీద ఆ పూట అన్నం ఉందన్న గుర్తింపు దానిలో ఉంది. ఆ కుండ వల్ల పాదిరి కుటుంబానికి, ఊళ్లో దిక్కులేని ముసలమ్మకు కూడు దొరికేది. దేవుడి నుంచి రావలసిన బాకీ వసూలుకు ఎవరూ ఆ కుండ పెట్టలేదు. దేవుడితో బేరం పెట్టినవాడు దేవుణ్ణి ఉదారుడని నమ్మినట్టే కాదు. బేరం పిసినారితోనే అవసరం.

హైదరాబాదుకు ఉత్తరాన వంద కిలోమీటర్ల లోపే మెదక్. పొలాల మధ్య ప్రయాణిస్తుండగా చాలా దూరం నుంచే 175 అడుగుల గోపురం కనిపిస్తుంది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టిన చర్చి ఇది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, లోపల అయిదు వేల మంది పట్టే చోటు. తెల్లని రాయి, కాళ్ల కింద రంగురంగుల పలకలు, తల ఎత్తితే మెడ నొప్పి పుట్టే కమానులు. క్రిస్మస్‌కు వచ్చే జనంలో హిందువులు, ముస్లింలు కూడా తక్కువేమీ ఉండరు. ఇది కూడా కరువు కట్టించిన కట్టడమే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, తిండి గింజలు కరువైన పల్లెల జనానికి పని చూపించి కూలి ఇవ్వడానికి పోస్నెట్ దీన్ని సాధనం చేసుకున్నాడు. కూలికి వచ్చినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ ఆక్షేపణ ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఆకలితో ఉన్నవాడితో రాళ్లు మోయించి ఇంత పెద్ద గుడి కట్టించడమెందుకు, ఆ డబ్బుతో చెరువులు పూడిక తీయించకూడదా? కృష్ణ ఆనకట్ట దగ్గర మనమే ఒప్పుకున్న తర్కం ఇది. ఈ ఆక్షేపణలో నిజం ఉందని ఒప్పుకోవాలి. చెరువు రేపటి కరువును కూడా కొంత ఆపుతుంది, చర్చి ఆపలేదు. గోపురం ఎత్తులో దొర దేశపు అభిరుచీ, కొంత అతిశయమూ లేకపోలేదు. డోర్నకల్ స్తంభాలకు ఉన్న ఇంటి పోలిక ఇక్కడ తక్కువ. కానీ బుక్కెడు గంజి పోసి పంపే ధర్మసత్రం కన్నా, పని చేశాను, కూలి తీసుకున్నాను అనుకోగలిగే చోటు మనిషిని నిలువునా నిలబెడుతుంది. మిషను పని ఈ ఒక్క కట్టడంతో ఆగలేదు, మెదక్‌లో బడులూ ఆసుపత్రీ కూడా నడిపింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్లోని గుడి మెట్లు కూడా ఎక్కనివ్వని మనుషులకు, తాము కట్టిన అతి పెద్ద కట్టడంలో ముందు వరసలో కూర్చునే హక్కు దొరికింది. ఔదార్యాన్ని అన్నం మెతుకుల్లో మాత్రమే కొలిస్తే ఇది దండగ ఖర్చు. మనిషికి అన్నంతోపాటు తలెత్తుకునే చోటు కూడా కావాలని ఒప్పుకుంటే కాదు.

మెదక్ వెళ్లినవాళ్లు తప్పక చూసేవి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. ఒకదాని మీద క్రీస్తు జననం, ఒకదాని మీద శిలువ, ఒకదాని మీద ఆరోహణం. చిన్న చిన్న గాజు ముక్కలను సీసంతో అతికి చేసిన బొమ్మలవి. పగలు వెళ్తేనే కనిపిస్తాయని అక్కడివాళ్లు ముందే హెచ్చరిస్తారు. ఎండ మారేకొద్దీ నీలం ముదురుతుంది, ఎరుపు వెలుగుతుంది, పొద్దు వాలితే అద్దం నల్లబడుతుంది. దేవుడికి దీన్ని పోలికగా చెప్పాలని ప్రసంగీకులకు ఆశ పుడుతుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 17వ వచనం చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. మంచి ఈవులన్నీ వెలుగులను చేసిన తండ్రి దగ్గర నుంచే వస్తాయని, సూర్యచంద్రుల్లా వంగడం, వాలడం, నీడ పారడం ఆయనలో ఉండవని యాకోబు వాదన. ఉదారుడు, మారనివాడు అన్న రెండు మాటలూ అక్కడ ఒకే వాక్యంలో ముడిపడ్డాయి. కారణం లేకపోలేదు. మారే ఔదార్యం ఔదార్యమే కాదు, అది మంచి రోజు చూసి వచ్చే దయ. ఔదార్యం లేని నిశ్చలత్వం బండరాయికి కూడా ఉంటుంది. రెండూ కలిస్తేనే ఒకడు ఇంకొకణ్ణి నమ్మగలడు. కిటికీ పగటి మీద ఆధారపడుతుంది, ఆ బొమ్మలోని క్రీస్తు పగటి మీద ఆధారపడడని ఆ కిటికీ ముందు మోకరించేవాళ్ల నమ్మకం.

అలా నమ్మినవాళ్లు అలాగే బతికారా అన్నది చివరి ఆక్షేపణ, అన్నిటికన్నా ఇబ్బందికరమైనదీ ఇదే. అన్నివేళలా బతకలేదు. మాల సంఘం, మాదిగ సంఘం అని పల్లెల్లో గీతలు గీసుకున్నారు. పై కులాల నుంచి వచ్చినవాళ్లు వేరే బల్లల మీద కూర్చున్నారు. సంఘాల ఆస్తుల మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడుస్తున్నాయి. ఒక నమ్మకాన్ని నమ్మినవాళ్ల నడతను బట్టే తూచాలంటే తక్కెడ చాలాసార్లు కిందికి వాలుతుంది. అయితే ఈ వైఫల్యాలను పట్టుకోవడానికి మనం వాడుతున్న తూకపు రాయి ఎక్కడిదో చూడాలి. బల్లలు వేరు చేయడం తప్పని మనకు అనిపించేది అందరికీ ఒకే కూలి ఇచ్చిన ఆ తోట యజమాని లెక్క ముందు పెట్టుకున్నందుకే. దేవుడి స్వభావం మనతో పాటు మారేదైతే, మన పిసినారితనాన్ని తప్పుపట్టడానికి దేవుడి పేరున ఏ ఆధారమూ మిగలదు. మారదు కనుకనే అది ఓదార్పుతో పాటు నేరారోపణ కూడా.

యోనా గ్రంథం జవాబుతో ముగియదు, దేవుడు యోనాను అడిగిన ప్రశ్నతో ముగుస్తుంది: ఇంతమంది ఉన్న పట్టణం మీద నేను జాలి పడకూడదా? ద్రాక్షతోట కథ కూడా అలాంటి ప్రశ్న దగ్గరే ఆగుతుంది. రెండు చోట్లా ఉదారుడైన దేవుడి వల్ల ఇబ్బంది పడ్డవాడు పాపి కాడు, తన వంతు పని చేశాననుకున్న మంచివాడు. గుండ్లకమ్మ నుంచి మెదక్ దాకా దారిపొడవునా తేలేది ఇదే. దేవుడు తనకు ఇస్తాడని నమ్మడం ఎవరికైనా తేలికే. తనకు నచ్చనివాడికి, తనకన్నా ఆలస్యంగా వచ్చినవాడికి, కృతజ్ఞత చూపనివాడికి కూడా అదే కొలతతో ఇస్తాడని తెలిసి, అందుకు సంతోషించి, తన వంతు పని అందుకోగలిగినవాడే ఆ స్వభావాన్ని నమ్మినట్టు. క్లౌ కాలువ గట్టు మీద పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా అందరికీ కూలి ఇచ్చినప్పుడు, డోర్నకల్ పల్లెల్లో ఇల్లాలు ఎసరు మరిగేలోపు గుప్పెడు బియ్యం పక్కకు తీసినప్పుడు, నమ్మకం ఆ పనిలోనే ఉంది. వాన కోసం వాళ్లు కూడా ప్రార్థించే ఉంటారు. వాన వచ్చేదాకా ఆగి మాత్రం ఇవ్వలేదు.